మారేడ్‌పల్లి నుంచి ఉయ్యాల బల్ల

మీ ఇంట్లో ఏడడుగుల పొడుగున్న వస్తువు ఏదైనా ఉందేమో ఒక్కసారి చుట్టూ చూడండి. కర్టెన్ రాడ్డో, నిచ్చెనో, పాతకాలపు మంచం పట్టెనో! ఉన్నచోట ఉన్నంతకాలం దాని పొడుగు మన కంటికి ఆనదు. ఇల్లు మారాల్సిన రోజు వచ్చినప్పుడు తెలుస్తుంది.

మాకు తెలియజెప్పింది ఒక ఉయ్యాల బల్ల. అది 1998 మే నెల. సికిందరాబాదులో ఈస్ట్ మారేడ్‌పల్లిలోని మా పుట్టింటి నుంచి తార్నాకలో మా ఫ్లాటుకి పట్టుమని ఆరేడు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరానికి మాకు ఒక పూటంతా పట్టింది.

మారేడ్‌పల్లి చూడనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. సికిందరాబాదు స్టేషన్లో దిగి రిక్షా ఎక్కితే, ఒంటిమీద చెమట ఆరేలోపు చేరిపోయే పేట అది. ఈస్ట్, వెస్ట్ అని రెండు. వెస్ట్ మారేడ్‌పల్లి వాళ్ళకి కస్తూర్బా కాలేజీ, జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర. మాకేమో సెయింట్ జాన్స్ చర్చి, రైల్ నిలయం దగ్గర. ఆ చర్చి 1813 నాటిది. సికిందర్ జా పేరుమీద ఊరికి సికిందరాబాదని పేరొచ్చిన కొద్ది ఏళ్ళకే కట్టారు. చుట్టుపక్కలంతా మిలిటరీవాళ్ళు, రైల్వేవాళ్ళు, తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తమిళ కుటుంబాలు. తెల్లవారుజామున ఒక ఇంట్లోంచి కాఫీ డికాక్షన్ వాసన, ఇంకో ఇంట్లోంచి సరళీస్వరాలు వస్తుండేవి. ప్రతి ఇంటికీ ప్రహరీ, ప్రహరీ లోపల ఓ మామిడిచెట్టు, ముందు వరండా, వరండాలో ఎర్రటి గచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గచ్చుమీద చెంప ఆనించి పడుకున్నవాళ్ళకి ఏసీ సుఖం గురించి చెప్పక్కర్లేదు.

ఆ వరండాలోనే మా ఉయ్యాల. నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. 1961లో బోయిగూడ టింబరు డిపోలో టేకు చెక్క ఎంచి, కోయించి, చిత్రిక పట్టించి, ఒంటెద్దు బండిమీద వేయించి, పక్కనే తను నడుచుకుంటూ తెచ్చారట. ఒక్కటే పలక, ఎక్కడా అతుకు లేదు. ఏడడుగుల పొడుగు, ఇరవై అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. బరువు ముప్పై అయిదు కిలోలకి తగ్గదు. బండివాడికి ఇచ్చిన కూలి గురించి అమ్మ చివరిదాకా సణిగేది, అర్ధరూపాయి ఎక్కువిచ్చారని!

1998లో ఆ ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం. అప్పటికే మా వీధిలో మూడు ఇళ్ళు అపార్టుమెంట్లయిపోయాయి. నాన్నగారు పోయి నాలుగేళ్ళు. అన్నయ్య బెంగుళూరులో. అమ్మ ఒక్కతీ అంత ఇంట్లో ఉండలేదని అందరం కూర్చుని అనుకున్న మాటే అది. అమ్మ కూడా సరేనంది. సరేనన్నాక మరి ఆ ఊసే ఎత్తలేదు. మంచాలు, బీరువా, గంగాళాలు అన్నీ ముందురోజు లారీలో పంపేశాం. ఉయ్యాల మాత్రం అమ్మ దింపనివ్వలేదు. "ఆఖర్న దింపండి. అంతవరకూ కూర్చోవడానికి ఏదో ఒకటుండాలి కదా" అంది. అలా లారీ వెళ్ళిపోయింది, బల్ల మిగిలిపోయింది.

అప్పుడు ఆదుకున్నవారు మా ఎదురింటి కల్నల్‌గారు. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది కనక మాకు మావయ్యగారు. ఆయన దగ్గర స్టేషన్ వ్యాగన్ ఉండేది. వీధిలో పిల్లలందరూ దాన్ని పొడుగు కారు అనేవాళ్ళు.

ఈ స్టేషన్ వ్యాగన్ అన్న పేరు ఎలా వచ్చిందో మావయ్యగారే చెప్పేవారు. అమెరికాలో వెనకటి రోజుల్లో రైలు దిగినవాళ్ళని, వాళ్ళ ట్రంకు పెట్టెలతో సహా స్టేషన్ నుంచి ఇళ్ళకీ హోటళ్ళకీ చేర్చడానికి చెక్క బాడీతో కట్టిన బళ్ళట అవి. ఇంగ్లండువాళ్ళు వీటినే ఎస్టేట్ కార్లన్నారు. మన దేశంలోనూ అంబాసిడర్‌లో వెనక పొడిగించిన రకం ఒకటి ఉండేది. 1992లో టాటావాళ్ళు తెచ్చిన బండికి ఏకంగా ఎస్టేట్ అనే పేరు పెట్టారు. తరవాత మారుతి బెలీనో ఆల్టురా వచ్చింది, 2004లో టాటా ఇండిగో మరీనా వచ్చింది. ఏదీ ఎక్కువకాలం నిలవలేదు. కారంటే వెనక డిక్కీ విడిగా పొడుచుకుని కనిపిస్తేనే మనవాళ్ళకి కారు. మా పెద్దత్తయ్యయితే మావయ్యగారి బండి చూసి, "శుభమా అని ఊరెళుతూ ఆ అంబులెన్సు ఎందుకే" అనేసింది కూడా. కానీ సామాను మోసే ఆడవాళ్ళని అడగండి! డిక్కీకీ సీట్లకీ మధ్య గోడ లేకపోవడమంటే ఎంత సౌఖ్యమో! వెనక సీటు మడిచేస్తే చిన్న గది తయారు. వెనకనుంచి పెద్ద తలుపు. వంగకుండా, పక్కకి తిప్పకుండా వస్తువు తిన్నగా లోపలికి జారుతుంది.

మావయ్యగారు టేపు పట్టుకుని కొలిచారు. వెనక సీటు మడిచాక ముందు సీట్ల వీపుదాకా అయిదున్నర అడుగులు. మన బల్ల ఏడు. "అడుగున్నర షార్ట్" అన్నారు.

మా వారు లెక్కల మనిషి. ఐమూలగా పెట్టేద్దాం, అప్పుడు పొడుగు కలిసొస్తుందన్నారు. అది కర్టెన్ రాడ్డుకైతే నిజమే. అయిదున్నర అడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ఉన్నచోట ఐమూలగా ఆరడుగుల తొమ్మిదంగుళాలు వస్తుంది. సన్నటి వస్తువుకి ఆ లెక్క సరిపోతుంది. బల్లకేమో తన వెడల్పు తనకుంది. ఏటవాలుగా తిప్పగానే మూలలు రెండుపక్కలా తగులుతాయి. కాగితంమీద గీసి చూస్తేగాని ఆయన ఒప్పుకోలేదు. మీరూ ఎప్పుడైనా ఇలా కొలిచేటప్పుడు పొడుగొక్కటే కొలవకండి. తలుపు సందు వెడల్పు, ఎత్తు కూడా కొలవండి. లోపల ఖాళీ ఎంత ఉన్నా, దూరాల్సింది ఆ సందులోంచే కదా!

ముందు ఎడమ సీటు వెనక్కి వాల్చేస్తే బల్ల డాష్‌బోర్డుదాకా హాయిగా పడుతుందని మావయ్యగారికి తెలుసు. మాకూ తెలుసు. కానీ ఆ సీటు అమ్మది. ముప్పై ఏడేళ్ళు కాపురం చేసిన ఇల్లు వదిలి వెళుతున్న మనిషిని, "మీరు దిగండి, బల్లని కూర్చోబెట్టాలి" అని ఎవరంటారు? ఎవరమూ అనలేదు. బల్లని వెనకనుంచి తోసి, అడుగున్నర బయటికి వదిలేసి, వెనక తలుపు సగం పైకెత్తి కొబ్బరితాడుతో కట్టాం. బయటున్న అంచుకి మా అబ్బాయి ఎర్ర టవల్ కట్టాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. మడిచిన సీటుమీద బల్లకి ఒకపక్క నేను, ఇంకోపక్క, సరిగ్గా ఆ తెరిచిన తలుపు దగ్గర, వాడు. "నేను పట్టుకుంటా" అని వాడి సంబరం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. బెల్టు లేదు, సీటు లేదు, ముప్పై అయిదు కిలోల చెక్క పక్కన చంటివాడు!

మా వారు స్కూటరుమీద ముందు వెళ్ళారు. మేం బయల్దేరాం. అమ్మ వెనక్కి తిరిగి గేటువైపు చూడలేదు. వడగాలి కొడుతోందని ముందు అద్దాలు బిగించేశాం. రైల్ నిలయం దాటాం. నెమ్మదిగా వెళుతున్నాం, అక్కడక్కడా ఆగుతున్నాం. మెట్టుగూడ వచ్చేసరికి అబ్బాయి ఉలుకూ పలుకూ లేకుండా తల బల్లమీద ఆనించేశాడు. "ఏంరా?" అంటే "తలనొప్పమ్మా, వాంతొస్తోంది" అన్నాడు. ఎండదెబ్బ అనుకున్నాను. మావయ్యగారు అద్దంలో ఒక్కసారి చూశారు, బండి పక్కకి తీసి ఆపేశారు. నన్నేమీ అడక్కుండా వాణ్ణి ఎత్తుకుని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టారు. "పొగ" అన్నారు. "నాది తప్పు. వెనక తలుపు తెరిచి నడపకూడదు."

పది నిమిషాలు గాలి తగిలి, మజ్జిగ తాగాక వాడు తేరుకున్నాడు. ఆ పది నిమిషాలు నాకెలా గడిచాయో మీలో తల్లులకి చెప్పక్కర్లేదు.

ఈ పొగ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. కారు ముందుకి పోతుంటే దాని వెనక గాలి పలచబడి సుడి తిరుగుతుంది. సైలెన్సరులోంచి వచ్చే పొగ ఆ సుడిలో చిక్కుకుంటుంది. వెనక తలుపు తెరిచి ఉంటే తిన్నగా లోపలికి వచ్చేస్తుంది. ముందు అద్దాలు బిగించి ఉంటే మరీను, దానికి బయటికి పోయే దారుండదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు బండిలో ఎక్కువ, డీజిలు బండిలో తక్కువేగాని, డీజిలు పొగలో తలనొప్పీ వికారమూ తెప్పించేవి ఇంకా ఉన్నాయి. తలనొప్పి, వికారం, మగత, వీటిని చూసి ఎండ అనో ప్రయాణం పడలేదనో పొరబడతాం. చిన్నపిల్లలకి మనకంటే తొందరగా ఎక్కుతుంది. కాబట్టి తలుపు మూసుకోని సామాను ఆ బండికి తగిన సామాను కాదనుకోండి. తప్పనిసరై నాలుగడుగులు అలా పోవలసివస్తే ముందు అద్దాలన్నీ దింపేసి, బయటిగాలి లోపలికి తోసేలా బ్లోవరు పూర్తిగా పెట్టి, వెనక ఎవరినీ కూర్చోబెట్టకుండా పోవాలి. ఇంకో మాట. బయటికి పొడుచుకొచ్చిన సామానుకి ఎర్రగుడ్డ కట్టేస్తే సరిపోతుందని మనందరి నమ్మకం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతించిన హద్దు దాటి సామాను బయటికి ఉంటే 20,000 రూపాయల జరిమానా అని రాసి ఉంది. పైగా ఆ సామాను దింపించే ఖర్చూ మనదే.

మళ్ళీ మెట్టుగూడకి వద్దాం. ఏం చేద్దామని నేనూ మావయ్యగారూ మొహమొహాలు చూసుకుంటుంటే అమ్మ కారు దిగింది. పమిట దోపుకుని, "బల్లని నా సీట్లో పడుకోబెట్టండి అన్నయ్యగారూ. నేనూ పిల్లా వాడూ ఆటోలో వస్తాం" అంది.

"అది కాదు చెల్లెమ్మా..." అని ఆయన ఏదో అనబోయారు.

"అది మాట్లాడదు. దాన్ని ఎలా పెడితే అలా వస్తుంది. వాడికేమైనా అయితే నేను ఎవరికి చెప్పుకోను?" అంది.

అక్కడే రోడ్డు పక్కన అంతా దింపి మళ్ళీ ఎక్కించాం. అటుగా పోయే ఇద్దరు కుర్రాళ్ళు చేయి వేశారు. ఎలా ఎక్కించామో చెబుతాను, ఎందుకంటే ఇది ఏ పొడుగు వస్తువుకైనా పనికొస్తుంది. ముందు ఎడమ సీటు తలగడ ఊడదీసి, వీపు పూర్తిగా వెనక్కి వాల్చాం. పైన పాత బొంత పరిచాం. బల్లని వెనకనుంచి తోసి, ఎడమపక్కగా, వాలిన సీటుమీదుగా ముందుకి పోనిచ్చాం. డాష్‌బోర్డుకి తగలకుండా ఒక జానెడు వదిలి, మధ్యలో దుప్పటి చుట్టి కుక్కాం. గేర్ రాడ్డు కదిలినప్పుడు చేతికి అడ్డం రాకుండా చూసుకున్నాం. ఎడమ అద్దం డ్రైవరుకి కనబడుతోందో లేదో మావయ్యగారు కూర్చుని చూశారు. ఆ తరవాత కట్టడం. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. తలుపు మూశాం కదా, ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు. బ్రేకు వేస్తే కారు ఆగుతుందిగాని బల్ల ఆగదు. అది ముందు అద్దంమీదికి పరుగెత్తుతుంది. అందుకని మధ్యన ఒకచోట, వెనక ఒకచోట తాడు వేసి, సీట్లు బిగించే ఇనప కొక్కేలకి లాగి కట్టాం. తలుపు టక్కుమని మూసుకుంది. మొదటే ఇలా పెట్టి ఉంటే! అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇప్పటి కార్లున్నవారికి ఒక్క హెచ్చరిక. ఇప్పుడు కొత్త కార్లన్నిటికీ ముందు ఎడమ సీటు ఎదురుగా కూడా ఎయిర్‌బ్యాగు ఉంటుంది. 2021 నుంచి అది తప్పనిసరి చేశారు. అది విచ్చుకునే చోట ఏ వస్తువూ ఆనించకూడదు. అలా ఆనించాల్సినంత పొడుగైతే మారుమాట లేకుండా ట్రాలీ ఆటో పిలవండి. 2005లో టాటా ఏస్ వచ్చాక ఆ బెంగ చాలావరకు తీరిపోయింది. ఇప్పుడు ఫోన్లో నొక్కితే గుమ్మంలోకే వస్తున్నాయి.

పొడుగు వస్తువుల మాట వచ్చింది కనక అక్కయ్య వీణ సంగతీ చెప్పేస్తాను. అంతకుముందు నెలలో అది కూడా ఈ కారులోనే వెళ్ళింది. వీణ నాలుగడుగుల పైచిలుకే, ఎక్కడైనా పడుతుంది. దానికి భయం పొడుగుతో కాదు, వేడితో. మెట్లు మైనంలో కూర్చుంటాయి కదా, మే నెలలో అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారులో గంట ఉంచితే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. మళ్ళీ మేళం కట్టించుకోవాల్సిందే. అందుకని అమ్మ వీణని ఉదయం ఆరింటికే పంపించేసింది. అలాగే ఫ్రిజ్జు. పొడుగు కారులో పడుకోబెట్టడానికి బాగా వీలుగా ఉంటుంది, అదే దానికి హాని. నిలబెట్టి తీసుకువెళ్ళే బండి దొరికితే అదే మేలు. పడుకోబెట్టక తప్పకపోతే ఇంటికి చేరాక నిలబెట్టి, కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి. కంప్రెసరులో నూనె తన చోటికి తను దిగాలి. పరుపులైతే చుట్టి తాళ్ళు బిగిస్తే మెత్తగా దూరిపోతాయి. వాటిని చివర్న ఎక్కించి, గట్టి సామాను మధ్య కుక్కితే అదొక ఆసరా.

సరే, ఆటో దొరికింది. అమ్మ ఒళ్ళో ఉయ్యాల గొలుసులు. ఇత్తడివి, మధ్యమధ్య చిలకలు, ఏనుగులు. అప్పటిదాకా కారులో ఆవిడ కాళ్ళ దగ్గర ఉన్నాయి. ఆటో గతుకులకి అవి గలగలమంటుంటే, మారేడ్‌పల్లిలో మధ్యాహ్నం పూట వినిపించే చప్పుడే అది. అమ్మ ఆటోవాడితో ఒకే మాట చెప్పింది: "బాబూ, ఆ పొడుగు కారు వెనకాలే పో. దాటకు." తార్నాక దాకా వెనక అద్దంలోంచి బల్ల అంచు కనబడుతూనే ఉంది. అబ్బాయి వాళ్ళ అమ్మమ్మ భుజంమీద నిద్రపోయాడు.

ఫ్లాటు దగ్గర ఇంకో తమాషా. బల్ల లిఫ్టులో పట్టలేదు! మూడు అంతస్తులు మెట్లమీద మోయించాం. ప్రతి మలుపులోనూ నిలువుగా లేపి తిప్పాల్సి వచ్చింది. తీరా పైకి వచ్చాక, వేలాడదీయడానికి కొక్కేలేవీ? పాత ఇంట్లో టేకు దూలం ఉండేది. ఇక్కడ సిమెంటు స్లాబు. ఫ్యాను కొక్కేనికి తగిలిద్దామన్నారు ఎవరో. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అది ఫ్యాను బరువుకి పెట్టింది, ఊగే మనుషుల బరువుకి కాదు. ఇల్లు కట్టించుకునేవారైతే స్లాబు పోసేటప్పుడే చెప్పి లోపలి ఇనపచువ్వలకి కలిపి కొక్కేలు పెట్టించుకోవాలి. మేం ఇనప స్టాండు చేయించాం. అది వచ్చేవరకు పదిహేను రోజులు బల్ల హాల్లో గోడవారగా నేలమీదే ఉంది. అమ్మ దానిమీదే కూర్చుని కూరలు తరిగేది. ఊగని ఉయ్యాల మీద!

మారేడ్‌పల్లి ఇప్పుడు మీకు అపార్టుమెంట్ల పేటలాగే కనిపిస్తుంది. సంగీత్ థియేటర్ పోయింది, చౌరస్తాకి మాత్రం ఆ పేరు మిగిలింది. 2020లో జూబ్లీ బస్ స్టేషన్ దగ్గరికి మెట్రో వచ్చింది. అయినా ఒక్కో సందులో ఇంకా ఓ పెంకుటిల్లు, ఓ మామిడిచెట్టు, ప్రహరీమీద పడుకున్న పిల్లి కనిపిస్తాయి. అటు వెళితే తొందరపడకుండా సందుల్లో నడవండి. మా ఇంటి స్థలంలో నాలుగంతస్తులు లేచాయి. మామిడిచెట్టు ఒకటి వదిలారు, పార్కింగులో.

మావయ్యగారు లేరు. అమ్మ 2011లో వెళ్ళిపోయింది. ఆఖరి ఏడాది కూడా మధ్యాహ్నం కునుకు ఆ బల్లమీదే.

పోయిన నెలలో మా అబ్బాయి పుణె నుంచి ఫోన్ చేశాడు. ఇల్లు కొనుక్కున్నాడు, స్లాబు పోస్తున్నారట. "అమ్మా, బల్ల పొడుగెంత? కొక్కేలు ఎంత దూరంలో పెట్టమనను?" అన్నాడు. ఏడడుగులని నాకు తెలుసు. అయినా టేపు వెతికి తీసి, ఒకటికి రెండుసార్లు కొలిచి, గొలుసు కొలుకుల మధ్య దూరం కూడా రాసుకుని చెప్పాను. వెనక తలుపు మూసుకునే బండే పంపమన్నాను. గొలుసులు నేనే రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెస్తానన్నాను.